పంటి సందు పూడ్చమన్నదీ, పెంచమన్నదీ ఒకే షో

2006లో అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్ అనే మోడళ్ళ పోటీ టీవీ షో ఆరో సీజన్‌లో, ముందు పళ్ళ మధ్య సందు ఉన్న ఒక పోటీదారును అది పూడ్పించుకోమని ఒత్తిడి పెట్టారు. ఆ సందుతో కాస్మెటిక్స్ కంపెనీ ఒప్పందం ఎలా వస్తుందనుకుంటున్నావని కెమెరా ముందే అడిగారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2010లో పదిహేనో సీజన్‌లో, ఇంకో అమ్మాయిని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపి ఉన్న సందునే ఇంకాస్త పెద్దది చేయించారు. ఏ పళ్ళు అందమన్నది రెండుసార్లూ అసలు విషయమే కాదు. డాక్టరు కుర్చీలో బిక్కచచ్చిపోయి కూర్చున్న పిల్ల ముఖం ఆ వారం ఎపిసోడ్‌కు కావాలి. 2020 మేలో జనం ఆ పాత దృశ్యాలు చూసి మండిపడ్డాక, షో రూపకర్త టైరా బ్యాంక్స్ అప్పటి నిర్ణయాల్లో కొన్ని సరైనవి కావని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుతో చర్చంతా జడ్జీల నోటి దురుసు మీదికి మళ్ళింది. నా దృష్టిలో నోరు చిన్న సంగతి. హాని ఒప్పంద పత్రంలో, షూటింగ్ వేళల్లో, ఎడిటింగ్ గదిలో ఉంది.

ఈ నమూనా 2015లో ఎంటీవీ ద్వారా ఇండియాస్ నెక్స్ట్ టాప్ మోడల్‌గా మన దేశానికీ వచ్చింది. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో పెరిగిన అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో ఒడియా చదువుతుంది, బజారులో రెండూ కలిపేస్తుంది. ఆడిషన్‌లో చేతికిచ్చే కాగితం మాత్రం ఇంగ్లిషులో ఉంటుంది. వరసలో వెనక పాతికమంది నిలబడి ఉండగా, సంతకం పెట్టి ముందుకు నడవమంటారు.

ఇలాంటి పత్రాల్లో ముందు చూడవలసినవి మూడు. మొదటిది, మధ్యలో మానేస్తే కట్టవలసిన జరిమానా. అందులో ఎన్ని లక్షలు రాసినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. ఈ సంగతి తెలియకే పిల్లలు జ్వరంతోనైనా సెట్‌లో ఉండిపోతారు. రెండోది, మరెక్కడా పనిచేయకూడదన్న షరతు. ఒప్పందం ముగిశాక కూడా వర్తించేలా రాస్తే 27వ సెక్షన్ కింద అది చెల్లదు. గడువు నడుస్తున్నంత కాలం మాత్రం కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి, కాబట్టి ఎన్నేళ్ళని రాశారో చూడాలి. మూడోది, తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలన్నది. కోర్టుకే వెళ్ళకూడదని రాస్తే 28వ సెక్షన్ ఒప్పుకోదు. కానీ ముంబైలో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలని రాయవచ్చు. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ముంబై దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. వాయిదాకోసారి అంత దూరం వెళ్ళగల ఇళ్ళెన్ని?

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల సంతకానికి చట్టంలో విలువ లేదు. అందుకే తల్లిదండ్రుల చేత పెట్టిస్తారు. పద్నాలుగేళ్ళలోపు వాళ్ళయితే రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్ల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

ఇక ఒంటి సంగతి. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతోనే హెచ్చించి వచ్చినదానితో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది 18.5 కంటే తగ్గితే తక్కువ బరువు. 170 సెంటీమీటర్ల పొడుగు అమ్మాయికి 1.70ను 1.70తో హెచ్చిస్తే 2.89, దాన్ని 18.5తో హెచ్చిస్తే 53.5 కిలోలు. అంతకు తగ్గమన్నవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా మాట వినకూడదు. 2006లోనే మాడ్రిడ్ ఫ్యాషన్ ప్రదర్శన బీఎంఐ 18కి తక్కువున్న మోడళ్ళను వెనక్కి పంపింది. 2017 నుంచి ఫ్రాన్స్‌లో డాక్టరు సర్టిఫికెట్ లేకుండా మోడల్‌కు పని ఇవ్వకూడదు.

మన ప్రాంతానికి ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64.3 శాతం మందికి రక్తహీనత. కోరాపుట్, రాయగడ పక్క సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కూడా ఉంది. ఆ జబ్బున్న వాళ్ళకు ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, బాగా అలిసిపోయినా ఎర్ర రక్తకణాలు వంకరతిరిగి సన్న నాళాల్లో అడ్డుపడతాయి. ఎముకలు విరిచినట్టు నొప్పి పుడుతుంది. నడుము సన్నగా కనిపించాలని షూటింగ్ ముందు నీళ్ళు మాన్పించడం, తెల్లవారుజాము చలిలో కొలనులోకి దింపడం ఈ పోటీల్లో కొత్త కాదు. 2006లో ఆ అమెరికా షోలోనే ఏడో సీజన్ పోటీదారు ఒకరు చల్లటి నీళ్ళలో ఒళ్ళు చల్లబడిపోయి బాధపడ్డారు. అదే ఒక సికిల్ సెల్ పిల్లకు జరిగితే ఆస్పత్రే గతి. ఆడిషన్‌కు ముందే హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టును ఒప్పందానికి జతచేయాలి.

ఎడిటింగ్ దెబ్బ ఊరికి తిరిగొచ్చాక తగులుతుంది. విడిగా కూర్చోబెట్టి మాట్లాడించే ఇంటర్వ్యూల్లో వేర్వేరు రోజుల్లో అన్న ముక్కల్ని అతికించి ఒకే వాక్యంగా వినిపిస్తారు. మాట మధ్యలో ఆమె ముఖం తప్పించి ఇంకేదో చూపిస్తే అక్కడ అతుకుందేమోనని అనుమానించవచ్చు. 2006లో ఆ అమెరికా షోకు కథ అల్లే 12 మంది యూనియన్ గుర్తింపు కోసం సమ్మె చేశారు. కథ అల్లేవాళ్ళున్నచోట పొగరుబోతు పాత్ర ఎవరికో ఒకరికి దక్కుతుంది. ముంబైలో ఆ పాత్ర ఎపిసోడ్‌తో సరి. గుణుపురంలో పెళ్ళి సంబంధాల దాకా వెంటాడుతుంది.

బ్రిటన్‌లో 2021 ఏప్రిల్ 5 నుంచి, పాల్గొనడం వల్ల తీవ్ర హాని కలగవచ్చనిపించిన వ్యక్తి క్షేమం గురించి చానల్ తగిన శ్రద్ధ తీసుకోవాలని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమం తెచ్చింది. మన దగ్గర అదే ఏడు జూన్‌లో వచ్చిన కేబుల్ టీవీ సవరణ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు చానల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. కానీ అది ప్రసారమైన కార్యక్రమం మీద ఫిర్యాదు. ప్రసారం కాని రాత్రి ఏం జరిగిందో దానికి పట్టదు. ఇది పెద్ద లోటు, మన నియమాల్లోనూ పోటీదారు క్షేమం చేరాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులకు మాత్రం 2013 చట్టం ఉంది. జీతం లేకపోయినా, ఉద్యోగి కాకపోయినా మహిళ ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల గడువు, తగిన కారణముంటే ఇంకో మూడు. పదిమందికి తక్కువున్న సంస్థయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి.

గెలిచినా లెక్క ఉంది. టీవీ పోటీ బహుమతి మీద 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం. పది లక్షల కారు గెలిస్తే 3 లక్షల 12 వేలు అవుతుంది, తాళం చేతికి రాకముందే పన్ను కట్టాలి. ఎవరు కట్టాలో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

రైలు టిక్కెట్టు తీయకముందే ఒప్పందం కాపీ అడగండి. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100. ఆ లాయరు ఎదుట కూర్చుని, ప్రతి షరతునూ తెలుగులో చెప్పించుకుని, తరవాతే సంతకం పెట్టండి.