నాటకం చూసి తళ్ళికోటకు తీర్పు చెప్పొద్దు

తిరుపతిలో నేనున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "పాత చారిత్రక నాటకాలు జరిగింది జరిగినట్టు చూపించాయి. వాటిలో రాజకీయం లేదు. తళ్ళికోట మతయుద్ధమే అనడానికి ఆ నాటకాలే సాక్ష్యం" అని దాని సారాంశం. కింద చంద్రగిరి కోట ఫొటో. తళ్ళికోట అంటే 1565లో దక్కన్ సుల్తానులు కలిసి విజయనగరాన్ని ఓడించిన యుద్ధం. పద్య నాటకమంటే ప్రాణం పెట్టేవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను.

ముందు "జరిగింది జరిగినట్టు" సంగతి. వేదం వేంకటరాయశాస్త్రి గారి 'ప్రతాపరుద్రీయం' 1897 నాటిది. ఢిల్లీ చెరలో ఉన్న కాకతీయ ప్రభువును మంత్రి యుగంధరుడు ఎత్తుకు పైయెత్తు వేసి విడిపించుకొస్తాడు. శాసనాలు చెప్పేది వేరు. 1323లో ఓరుగల్లు పడిపోయాక బందీగా తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనంలో ఉంది. ఆయన తిరిగి రానేలేదు. అంతమాత్రాన శాస్త్రిగారు అబద్ధాలకోరు కాదు. తెల్లదొరల పాలనలో బతుకుతున్న ప్రేక్షకులకు, చెరలోని రాజు ఇల్లు చేరే కథ ఎంత ధైర్యమిచ్చి ఉంటుంది! దాన్ని శాసనంలా చదవడమే తప్పు.

"రాజకీయం లేదు" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. కోలాచలం శ్రీనివాసరావు గారు బళ్ళారి వకీలు. హంపి అక్కడికి అరవై కిలోమీటర్ల దూరం. ఆ యుద్ధంలో విజయనగరాన్ని నడిపిన రామరాజు (రామరాయలు) కథను, విజయనగర పతనాన్ని ఆయన రంగస్థలం మీదికి తెచ్చిన కాలం ఎలాంటిది? 1905లో బెంగాల్ విభజన, 1906లో ముస్లిం లీగ్ పుట్టుక, 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు. దేశమంతా టెన్షన్. హిందూ ముస్లింల మధ్య గొడవలు రేగుతాయని బ్రిటిష్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఎప్పుడో మూడు వందల ఏళ్ళనాటి యుద్ధం గురించే అయితే సర్కారుకు భయమెందుకు? హాల్లో కూర్చున్నవాళ్ళు ఆనాటి సంగతులే అందులో చూసుకుంటున్నారు గనకే ఆ భయం. ఇంకో సంగతి మెసేజ్ రాసినవాళ్ళు మరిచారు. అదే నాటకంలో పఠాన్ రుస్తుం అనే ముస్లిం పాత్ర వేసి నటుడు బళ్ళారి రాఘవ గొప్ప పేరు తెచ్చుకున్నాడు.

మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడే రాత్రుళ్ళు గుర్తు తెచ్చుకోండి. అక్కడ కూడా హాస్యగాడు ఊళ్ళో నీళ్ళ గొడవ, ధరలు మధ్యలో దూర్చకుండా ఉంటాడా?

ఇక తళ్ళికోట. 1565 యుద్ధంలో మతం మాటే లేదని నేననను. పర్షియన్ చరిత్రకారులు ఆ మాట గట్టిగానే ఎత్తారు. కానీ అసలు లెక్కలు చూడండి. రామరాయలు వయసులో ఉన్నప్పుడు గోల్కొండ సుల్తాను కొలువులో పనిచేశాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడింది ఆయన్నే. బీజాపూర్ సుల్తాను మొదట రామరాయలతో చేతులు కలిపి అహ్మద్‌నగర్ మీదికి వెళ్ళాడు, చివరికి అహ్మద్‌నగర్‌తో కలిసి రామరాయల మీదికే వచ్చాడు. రామరాయల సైన్యంలో ముస్లిం దళాలకు కొదవ లేదు. కోటల కోసం, ఆధిపత్యం కోసం నిన్నటి మిత్రులు శత్రువులైన కథ ఇది. ఒక్క మతం పేరుతో ఇదంతా వివరించలేం.

ఆ ఫొటోనే ఇంకాస్త పెద్దది చేసి చూడండి. తళ్ళికోట తర్వాత విజయనగరాన్ని ఏలిన ఆరవీటి వంశపు రాజులు పెనుకొండ నుంచి చంద్రగిరికి రాజధాని మార్చారు. అక్కడి రాజమహల్‌కు కింద వరసగా సుల్తానుల కట్టడాల్లాంటి కమాన్లు, పైన గుడి శిఖరాల్లాంటి గోపురాలు. శత్రువు మతమే సమస్య అయితే ఆ కమాన్లు మనవాళ్ళ మహల్లోకి ఎలా వచ్చాయి?

ఆ నాటకాలు మళ్ళీ ఆడాలి, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఫార్వర్డ్ చేసే అన్నలు మాత్రం నాటకం పేరు పక్కన అది రాసిన సంవత్సరం కూడా పెట్టి పంపండి.