కథానాయికల లెక్కలు తేలలేదు

లెక్కల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి మచ్చ పడకుండా బయటపడిన మనిషిని. పింఛను తీసుకోవడం తప్ప వేరే పని లేక, ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న మా మనవరాలి పుస్తకాల మీద పడ్డాను. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆడవాళ్లు రాసిన నవలలవి. "ప్రేమకథలు తాతయ్యా, నీకు నచ్చవు" అని ముందే హెచ్చరించింది. ప్రేమ సంగతి నాకు తెలియదు గాని, ఇన్ని పద్దులు నేను ట్రెజరీలో కూడా చూడలేదు. చిక్కల్లా, ఆ పద్దులు సరిపోవు. పోనీ ప్రజాధనం కాదు కదా అని ఊరుకోబోయాను. అలవాటు ఊరుకోనివ్వలేదు.

ముందుగా 1813లో అచ్చయిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. మగవాడు ఇంకా కుర్చీలో కూర్చోకముందే అతని ఏడాది రాబడి ఊరంతా పాకిపోతుంది. బింగ్లీకి నాలుగైదు వేల పౌండ్లు, డార్సీకి పది వేలు. మన పెళ్లిచూపుల్లో కనీసం కాఫీ తాగేదాకా ఆగుతారు. కథానాయిక ఎలిజబెత్ తండ్రి బెన్నెట్‌కు ఏటా రెండు వేలు తెచ్చే ఎస్టేటు ఉంది, అయిదుగురు కూతుళ్లు ఉన్నారు. కొడుకు లేడు కాబట్టి ఆయన పోగానే ఆస్తి కాలిన్స్ అనే దూరపు బంధువుకు చేరుతుంది. ఈ సంగతి తెలిసి కూడా ఇరవై మూడేళ్ల కాపురంలో ఆ పెద్దమనిషి ఏమీ వెనకేయలేదు. ఎందుకయ్యా అంటే, కొడుకు పుడతాడనుకున్నాడట. పుట్టని కొడుకును రాబడి కింద చూపించి బడ్జెట్ వేసినవాణ్ణి నా సర్వీసులో ఎక్కడా చూడలేదు.

ఆ ఇంటికి కాలిన్స్ వచ్చాడు. ఎలిజబెత్‌ను పెళ్లాడమని అడుగుతూనే, నీకు రాబోయేది నాలుగు శాతం వడ్డీ పత్రాల్లో ఉన్న వెయ్యి పౌండ్లు మాత్రమే, అదీ మీ అమ్మ పోయాకే, అని చెప్పాడు. చూశారా, అసలు, వడ్డీ రేటు, చేతికొచ్చే తేదీ మూడూ ఒక్క వాక్యంలో ఇచ్చేశాడు! ఇంత స్పష్టమైన నోటు ఫైలు నేను రాసి ఎరుగను. ఆ నవల మొత్తంలో నాకు మనిషనిపించినవాడు కాలిన్స్ ఒక్కడే. లోకమంతా అతన్ని చూసి రెండు వందల ఏళ్లుగా నవ్వుతోందని తెలిసి చాలా బాధపడ్డాను.

ఎలిజబెత్ కాదంది. మీతో నాకు సుఖం ఉండదు, నాతో మీకూ ఉండదు అంది. సుఖం అనే పద్దు మా పుస్తకాల్లో లేదు, దాన్ని ఏ ఖాతాలో రాయాలో తెలియదు. ఆమె స్నేహితురాలు షార్లెట్‌కు ఇరవై ఏడేళ్లు. కాలిన్స్‌ను ఆమె చేసుకుంది. తరవాత మొగుణ్ణి వీలైనంతసేపు తోటపనికి ప్రోత్సహిస్తూ, తాను వీధి కనిపించని వెనక గదిలో కూర్చుంటుంది. పైసా ఖర్చు లేకుండా సాధించిన మనశ్శాంతి. విమర్శకులు ఆమె మీద జాలిపడతారు. నేనైతే ఆమెకు ప్రమోషన్ ఇచ్చేవాణ్ణి.

వానను కూడా ఆ ఇంట్లో పెట్టుబడిగా వాడారు. పెద్ద కూతురిని బింగ్లీ వాళ్ల ఇంటికి బండిలో పంపకుండా గుర్రం మీద పంపింది తల్లి. వాన పడితే రాత్రికి అక్కడే ఉండిపోతుందని ఎత్తు. వాన పడింది, పిల్లకు జలుబు చేసింది, అల్లుడు కుదిరాడు. అక్కను చూడటానికి ఎలిజబెత్ మూడు మైళ్లు బురదలో నడిచి వెళితే, లోపావడాకు ఆరు అంగుళాల బురద అంటిందని బింగ్లీ అక్కచెల్లెళ్లు వెనక చెప్పుకున్నారు. కొలత సరే, టేపు పట్టింది ఎవరో పుస్తకంలో రాయలేదు. చివరికి ఆమె డార్సీని చేసుకుంటుంది. ఎప్పటినుంచి ఇష్టం అని అక్క అడిగితే, పెంబర్లీలో అతని అందమైన తోటలు మొదటిసారి చూసినప్పటి నుంచి అనుకుంటాను అంటుంది. అది హాస్యం అంటుంది మా మనవరాలు. స్థిరాస్తి తనిఖీ చేశాక తీసుకున్న నిర్ణయంలో హాస్యం ఏముందో నాకు బోధపడలేదు.

ఈ పుస్తకం హక్కులను జేన్ ఆస్టిన్ 110 పౌండ్లకు అమ్మేసింది. డార్సీకి అది నాలుగు రోజుల రాబడి. తాను సృష్టించిన మనిషి సోమవారం పొద్దున మొదలుపెడితే గురువారం సాయంత్రానికి తన కష్టం మొత్తం సంపాదించేస్తాడు. అట్ట మీద ఆమె పేరు కూడా లేదు. ఆమె పోయిన రెండు వందల ఏళ్లకు, 2017లో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వారు ఆమె బొమ్మతో పది పౌండ్ల నోటు తెచ్చి బకాయి తీర్చుకున్నారు. బొమ్మ కింద, చదవడాన్ని మించిన ఆనందం లేదనే మాట వేశారు. నవలలో ఆ మాట అన్నది బింగ్లీ చెల్లెలు. డార్సీ మెప్పు కోసం అతను చదువుతున్న పుస్తకానికే రెండో భాగం చేత్తో పట్టుకుని, ఒక పెద్ద ఆవలింత ఆవలించి మరీ అంది. వోచరు మీద సంతకం ఎవరిదో చూడకుండా పాస్ చేస్తే ఇలాగే ఉంటుంది.

ఇక 1847 నాటి 'జేన్ ఐర్'. జేన్ జమీందారు రోచెస్టర్ ఇంట్లో ఉండి పిల్లకు చదువు చెప్పే గవర్నెస్. జీతం ఏడాదికి ముప్పై పౌండ్లు. ఎలిజబెత్‌కు కాలిన్స్ వేసి చూపించిన దరిద్రం వెయ్యి మీద నాలుగు శాతం, అంటే ఏటా నలభై. ఒకరు కూర్చుని తినబోయే దరిద్రం కన్నా ఇంకొకరు ఒళ్లు వంచి సంపాదించే జీతం తక్కువ. డార్సీ ఒక్క ఏడాది రాబడి జేన్ కూడబెట్టాలంటే 333 ఏళ్ల నాలుగు నెలలు పాఠాలు చెప్పాలి. తిండీ బట్టా మానేసి.

ఈ నవలలో నాకు కళ్లు చెమర్చిన ఘట్టం ఒకటుంది. చావుబతుకుల్లో ఉన్న అత్త దగ్గరకు వెళ్లడానికి జేన్ సెలవు అడుగుతుంది. నీ దగ్గర డబ్బెంత ఉందని రోచెస్టర్ అడిగితే, సంచి తీసి చూపిస్తుంది. అయిదు షిల్లింగులు, అంటే పావు పౌండు. జీతం ఇంకా ఇవ్వనేలేదు. అతను యాభై పౌండ్ల నోటు తీస్తాడు. రావలసింది పదిహేనే, నా దగ్గర చిల్లర లేదంటుంది. చిల్లర అక్కర్లేదంటే, జీతానికి మించి తీసుకోనంటుంది. అతను ఆలోచించి, మొత్తం ఇస్తే తిరిగి రావేమో అని పది పెడతాడు. "సరే, అయితే మీరు నాకు ఇంకా అయిదు బాకీ" అంటుంది. దీన్ని ప్రేమ సన్నివేశం అంటారని మనవరాలు చెప్పింది. నేను ఒప్పుకుంటాను. నా ఎరుకలో ఇంతకన్నా గొప్పది లేదు. జీతం బకాయి ఖచ్చితంగా గుర్తుపెట్టుకునే స్త్రీని చూసి మనసు పారేసుకోని మగవాడు రాయి.

అలాంటి పిల్లే, రోచెస్టర్‌కు అప్పటికే భార్య ఉందని తేలి పెళ్లి ఆగిపోయాక ఆ ఇల్లు వదిలి, ఉన్న ఇరవై షిల్లింగులూ బండివాడికిచ్చి, మూట బండిలోనే మరిచిపోయి దిగింది. పందికి పోయబోతున్న చల్లటి గంజి అడిగి తిన్నది. అంతలో మదీరా దీవిలో ఉన్న, ఎన్నడూ చూడని, తండ్రి తోడబుట్టినవాడు చనిపోయి ఇరవై వేల పౌండ్లు రాసిపెట్టాడు. ఈ నవలల్లో దూరదేశాల్లో ఉండే పెద్దలు ఎంత సమయం చూసి పోతారో! ఆ ఇరవై వేలనూ జేన్ తన ముగ్గురు మేనత్త పిల్లలతో నాలుగు వాటాలు చేసుకుంది. కోర్టు ఉత్తర్వు లేదు, ఎవరూ దావా వేయలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ మేనత్త కొడుకు సెయింట్ జాన్. మన లెక్కన వరసైన బావ. మతప్రచారానికి ఇండియా వెళుతూ, భార్యగా తోడు రమ్మన్నాడు. జేన్ చేత జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పించాడు కూడా. చెల్లెలిగా అయితే వస్తాను, భార్యగా రాను అంది. మేనరికం, విదేశీ ప్రయాణం, కొత్త భాష అన్నీ ఒక్క సంబంధంలో కలిసొస్తే కాలదన్నుకుంది. అయినా ఆ హిందుస్తానీతో గుంటూరులో దిగి ఉంటే కూరగాయలు కొనలేకపోయేది. ఒక విధంగా మనకే మంచిదయింది.

ఒక అభ్యంతరం మాత్రం నవ్వుతూ రాయలేను. రోచెస్టర్ మొదటి భార్య బెర్తా జమైకా నుంచి వచ్చింది. ముప్పై వేల పౌండ్లు వస్తాయనే అతని తండ్రి ఆ సంబంధం చూశాడు. మూడో అంతస్తులో ఆమెను పెట్టి తాళం వేశారు. ఆ ముప్పై వేలు ఏమయ్యాయో పుస్తకంలో లేదు. ఆమె నోటి నుంచి ఒక్క మాట నేరుగా వినిపించదు. ఇల్లు తగలబెట్టి ఆమె దూకి చచ్చిపోయిన తరవాతే రెండో పెళ్లికి దారి దొరికింది. ఆస్తుల రిజిస్టరులో కొట్టివేత అంటే ఇదే.

అన్నీ తీరి జేన్ రోచెస్టర్‌ను పెళ్లి చేసుకుంది. అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం, విడిగా పత్రాలు రాయించుకుంటే తప్ప, పెళ్లయిన మరుక్షణం ఆ అయిదు వేలు మొగుడివి. భార్య ఆస్తి భార్యదే అని చట్టం పూర్తిగా ఒప్పుకున్నది 1882లో, ఈ నవల అచ్చయిన ముప్పై అయిదేళ్లకు. ఎలిజబెత్ గాస్కెల్ అనే రచయిత్రి తన కథ ఒకదానికి వచ్చిన ఇరవై పౌండ్లను భర్త తాపీగా జేబులో పెట్టి బొత్తాం వేసుకున్నాడని స్నేహితురాలికి రాసింది. ఆయన చర్చిలో బోధకుడు. చట్టప్రకారం తప్పేమీ చేయలేదు. జమ ఒకరిది, జేబు ఒకరిది.

ఇప్పుడు బినామీ వ్యవహారం. 'జేన్ ఐర్' రాసిన షార్లెట్ బ్రాంటీ ఆస్థాన కవి రాబర్ట్ సదీకి కవితలు పంపితే, 1837లో, సాహిత్యం స్త్రీకి జీవిత వ్యాపకం కాలేదు, కాకూడదు అని సమాధానం వచ్చింది. తరవాత అక్కచెల్లెళ్లు ముగ్గురూ కర్రర్, ఎల్లిస్, యాక్టన్ బెల్ అని పేర్లు మార్చుకున్నారు. 1846లో సొంత డబ్బుతో వేసుకున్న కవితల పుస్తకం మొదటి ఏడాది రెండంటే రెండు ప్రతులు పోయింది. ఆ పైన నవలలు వచ్చాయి, వాటితో ఈ ముగ్గురూ ఒక్కరే అన్న పుకారూ వచ్చింది. 1848 జులైలో షార్లెట్, చిన్న చెల్లెలు ఆన్ లండన్ వెళ్లి ప్రచురణకర్త ఎదుట నిలబడ్డారు. కర్రర్ బెల్ పేరిట ఆయనే రాసిన ఉత్తరం షార్లెట్ ఆయన చేతిలో పెట్టింది. సరుకును కళ్లారా చూసి లెక్కపెట్టుకోవడమంటే అదీ. మిగిలిన చెల్లెలు ఎమిలీ మాత్రం రానంది. 'వదరింగ్ హైట్స్' రాసిన మనిషి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మేరీ ఆన్ ఎవాన్స్ సంగతీ ఇంతే, జార్జ్ ఎలియట్ అయి కూర్చుంది.

మన దగ్గర ఈ బినామీ తిరగబడింది. 'ఇల్లాలి ముచ్చట్లు' అని ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చేవి. పురాణం సీత అనే ఇల్లాలి మాటలని ఇంటింటా మురిసిపోతే, రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు. అక్కడ చదివించుకోవడానికి మీసం పెట్టుకోవాల్సి వస్తే, ఇక్కడ తీసేయాల్సి వచ్చింది.

మిగతా ఫైళ్లు త్వరగా ముగిస్తాను. ఆ ఎలియట్ రాసిన 'ది మిల్ ఆన్ ది ఫ్లాస్'లో కథానాయిక మ్యాగీకి ఏ దారీ మిగలకపోతే రచయిత్రి నదికి వరద తెప్పించి అన్నతో సహా ముంచేసింది. 1862లో మేరీ ఎలిజబెత్ బ్రాడన్ కథానాయిక వరదల కోసం ఆగలేదు. వదిలేసి పోయిన మొదటి మొగుడు తిరిగి ప్రత్యక్షమైతే తానే పాతబావిలోకి తోసింది. అతను బతికాడు. మన సీరియల్ అయితే అక్కడ వారం రోజులు ఆపేవారు.

ఆఖరి ఫైలు కూడా ఎలియట్‌దే, 'మిడిల్‌మార్చ్'. 1871, 72లలో భాగాలుగా వచ్చింది. డొరోతియా అనే అమ్మాయి, సకల పురాణాలకూ తాళంచెవి రాస్తున్నానని చెప్పుకునే కాసాబన్ అనే పెద్దవయసు పండితుణ్ణి పెళ్లాడింది. తాళంచెవి పూర్తి కాలేదు, పండితుడు పూర్తయ్యాడు. ఆయన వీలునామాకు ఒక అనుబంధం తగిలించాడు. లాడిస్లా అనే యువకుణ్ణి గనక చేసుకుంటే ఆస్తి మొత్తం పోతుందని. చనిపోయాక కూడా ఫైలు మీద సంతకం పెట్టగల అధికారిని మొదటిసారి చూశాను. లేచి నిలబడి నమస్కారం పెట్టబోయాను.

డొరోతియా ఆ ఆస్తి వదులుకుంది. కిటికీ అవతల ఉరుములు, మెరుపులు. లాడిస్లాతో ఏడుస్తూ చెప్పింది. నా సొంతానిది ఏడాదికి ఏడు వందలు ఉంది, అది చాలా ఎక్కువ, కొత్త బట్టలు వద్దు, ఏ వస్తువు ఎంత ఖరీదో నేర్చుకుంటాను అని.

నేను పుస్తకం మూసి కళ్లజోడు తుడుచుకున్నాను. ఇన్ని వేల పుటల్లో ధరలు నేర్చుకుంటానన్న పిల్ల ఈమె ఒక్కతే. ఎవరైనా నేర్పారా అని తరవాతి అధ్యాయాలు వెతికాను, ఎక్కడా లేదు. నా బీరువాలో రూళ్లు కొట్టిన నగదు పుస్తకం ఒకటి ఖాళీగా ఉంది. మొదటి పుటలో ఎడమవైపు ఏడు వందలు వేసి పెట్టాను.