జ్వరానికి ఆధారాలు సమర్పించవలెను

జ్వరం రావడం తప్పు కాదు. మేనేజర్‌కి చెప్పకుండా రావడమే తప్పు. మా పక్కింటి కుర్రాడు హైదరాబాద్‌లో ఒక బట్టల షోరూంలో సేల్స్‌మన్. మొన్న పొద్దున్నే ఒళ్లు కాలిపోతుంటే స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "సార్, ఫీవర్. ఈరోజు రాలేను" అని పెట్టాడు. ఆధారం అడిగారు. థర్మామీటర్ ఫొటో పంపాడు, 102. "అది నీదేనని ఏంటి గ్యారంటీ?" నోట్లో పెట్టుకుని సెల్ఫీ పంపాడు. అంకె కనపడలేదట. చివరికి వీడియో తీయమన్నారు: థర్మామీటర్ నోట్లోనే ఉండాలి, అంకె కనపడాలి, పేరు, స్టాఫ్ నంబరు స్పష్టంగా చెప్పాలి. వాళ్లమ్మ ఫోన్ పట్టుకుంది, వీడు "మ్మ్... మ్మ్..." అన్నాడు. గ్రూపులో నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. మేనేజర్‌గారు మాత్రం నవ్వలేదు. "ఆడియో క్లియర్‌గా లేదు. లైవ్ లొకేషన్ పెట్టు" అన్నారు.

చట్టం లేదనుకునేరు! 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజులు జీతంతో సిక్ లీవు ఇవ్వమంది. రాష్ట్రం రెండయినా రెండు చోట్లా అదే మాట. కుర్రాడు ఆ ముక్క ఎత్తితే "అవి గవర్నమెంటోళ్లకి రా" అన్నారట. ఫ్యాక్టరీ వాళ్లకి ఈ వాదన కూడా అక్కర్లేకుండా, 2025 దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిక్ లీవు ఊసే ఎత్తలేదు.

పోనీ ఈఎస్ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా, ఉందిగా అంటారు. జీతం 21,000 లోపు ఉంటే నెలనెలా 0.75 శాతం కోసుకుంటారు, యజమాని 3.25 శాతం కడతాడు. జబ్బు చేస్తే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. కాకపోతే మొదటి రెండు రోజులకు పైసా రాదు. మూడు రోజుల వైరల్ ఫీవర్‌కి ఒక్క రోజు డబ్బులన్నమాట. అదీ డిస్పెన్సరీ లైన్లో నిలబడి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే. అయితే 15 రోజుల్లోపు మళ్లీ మంచం ఎక్కితే ఆ రెండు రోజుల కోత ఉండదు. కాబట్టి తెలివైన కార్మికుడు జ్వరాలను దగ్గర దగ్గరగా ప్లాన్ చేసుకోవాలి.

ఇంకో మెలిక, ఆర్నెల్లలో 78 రోజులకు చందా పడి ఉండాలి. మూడు నెలలకో కాంట్రాక్టర్ మారి, సగం రోజులు రికార్డులోకే ఎక్కని స్వీపరమ్మ ఆ 78 ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆవిడ జీతంలో కోసింది జమ అయిందో లేదో ఎవరు చూశారు? హోటల్లో దగ్గుతూనే అంట్లు తోమేవాడు, జ్వరంతోనే దోసెలు వేసేవాడు సెలవు అడగరు. అడిగితే రేపు ఆ పెనం ముందు ఇంకొకడు ఉంటాడు. వాడి దగ్గు మన ప్లేట్లోకి వస్తే మాత్రం శుభ్రత లేదని ఒక స్టార్ రివ్యూ రాస్తాం. సిగ్గుండాలి మనకి! ఆ 12 రోజులు ఎవరి దయా కాదు, 1988 నుంచి బాకీ. ప్రతి షోరూం గుమ్మానికీ సంక్రాంతి డిస్కౌంట్ బోర్డు కట్టే చోట, ఈ సెలవుల లెక్క రాసిన కాగితం ఒక్కటి అంటించమని అడిగే అధికారి ఒక్కడూ లేడా?