నీలం గేటు సంగతి వాడికెలా తెలిసింది?

తెనాలిలో ఉండే మా పెద్దమ్మకి ఆ మధ్య వేసవిలో ఒక ఫోన్ వచ్చింది. "అమ్మా, మీరు మా దగ్గర మిక్సీ కొన్నారు కదా, ఆ మోడల్ మోటారులో లోపం ఉందని తేలింది, డబ్బు వాపసు ఇస్తున్నాం" అన్నాడు అవతలివాడు. బిల్లు ఎంతో రూపాయలతో సహా చెప్పాడు. అడ్రస్ కూడా చదివాడు: రామాలయం వెనక వీధి, వేపచెట్టుకి ఎదురుగా, నీలం గేటు. డెలివరీ కుర్రాళ్లు ఇల్లు దొరక్క తిరుగుతున్నారని ఆ గుర్తులన్నీ పెద్దమ్మే యాప్‌లో రాయించింది. వాడు పంపిన లింకు నొక్కి యూపీఐ పిన్ కొట్టింది. 19 వేలు పోయాయి. ఫిర్యాదు చేశాం కానీ డబ్బు ఇంకా రాలేదు. "నీలం గేటని కూడా చెప్పాడురా, కంపెనీవాడు కాకపోతే వాడికెలా తెలుస్తుంది?" అని ఇప్పటికీ అడుగుతుంది.

ఆమె ఫోన్ తీసుకుని వెతికితే సమాధానం దొరికింది. మిక్సీ అమ్మిన ఆన్‌లైన్ కంపెనీ నుంచి నెల ముందే ఒక ఈమెయిల్ వచ్చి ఉంది. ఇంగ్లీషులో ఎనిమిది పేరాలు. తమ సిస్టమ్‌లోకి ఎవరో అనుమతి లేకుండా చొరబడ్డారని, కస్టమర్ల ఆర్థిక సమాచారం పూర్తిగా సురక్షితమని మొదట్లోనే రాశారు. పోయిందేమిటో ఐదో పేరాలో ఉంది, అదీ "కొంత ప్రాథమిక సమాచారం" అన్న మాటతో సరి. ఆ ఈమెయిల్ ఐడీ ఫోన్ కొన్న రోజు షాపు కుర్రాడు తయారుచేసి ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. అదే కంపెనీ పండగ ఆఫర్లను మాత్రం తెలుగులో ఎస్సెమ్మెస్‌గా నేరుగా ఆమె నంబరుకే పంపుతూ వచ్చింది.

"మీ ఆర్థిక సమాచారం సురక్షితం." డేటా చోరీ జరిగిన ప్రతిసారీ కంపెనీల నోట ముందుగా వచ్చే మాట ఇదే. నా అభ్యంతరమంతా ఈ మాట మీదే. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ విన్నవాళ్లు హమ్మయ్య అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. కార్డు నంబరు పోతే బ్యాంకుకి చెప్పి బ్లాక్ చేయించొచ్చు, వారంలో కొత్త కార్డు వస్తుంది. ఇంటి అడ్రస్‌ని ఎలా బ్లాక్ చేయిస్తాం? పదేళ్లుగా వాడుతున్న ఫోన్ నంబరు, మనం ఏ రోజు ఏం కొన్నామన్న చరిత్ర ఒకసారి బయటికి వెళ్తే ఇక వెనక్కి రావు. మోసగాడికి కావాల్సింది అవే. కార్డు నంబరు మన చేతే చెప్పించుకుంటాడు, దానికి ముందు కావాల్సిన నమ్మకాన్ని అడ్రస్ సంపాదించి పెడుతుంది.

2021లో డొమినోస్ ఇండియా విషయంలో జరిగింది చూడండి. తమ కస్టమర్ల డేటా అమ్మకానికి పెట్టారన్న వార్త ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, ఆర్థిక సమాచారం ఏదీ బయటికి పోలేదని, కార్డుల వివరాలు తాము దాచుకోమని కంపెనీ చెప్పింది. అది అబద్ధమని ఎవరూ అనలేదు. మే నెల వచ్చేసరికి 18 కోట్ల ఆర్డర్ల వివరాలతో ఏకంగా ఒక సెర్చ్ పేజీ తయారైంది. ఎవరి ఫోన్ నంబరు కొట్టినా వాళ్లు పిజ్జాలు ఎక్కడికి తెప్పించుకున్నారో, ఎంత ఖర్చు పెట్టారో చూపించేది. ఒంటరిగా ఉండే అమ్మాయి ఇల్లు ఎక్కడో, ఒక మనిషి ఎప్పుడెప్పుడు ఎవరింట్లో ఉన్నాడో కనిపెట్టడానికి ఆ కాస్త చాలు. అందులో డబ్బు వివరాలు లేవు కాబట్టి ఫర్వాలేదని ఆ అమ్మాయికి చెప్పగలమా?

ఇలా బయటపడిన వివరాలు ఎటు పోతాయో హైదరాబాద్‌లోనే ఒకసారి తేటతెల్లమైంది. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకున్నప్పుడు, 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు అతని దగ్గర ఉన్నట్టు చెప్పారు. కిరాణా కొట్టులో పప్పులు వేర్వేరు డబ్బాల్లో పోసి పెట్టినట్టు, ఆ డేటాను నూటికి పైగా రకాలుగా విడదీసి పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగులు వేరు, పాన్ కార్డుదారులు వేరు, నీట్ రాసే పిల్లలు వేరు, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలవాళ్లు వేరు, వృద్ధులు వేరు. కొనేవాడు తనకి కావాల్సిన రకం అడిగి తీసుకుంటాడు.

కంపెనీలు రెండో పొరపాటు లెక్కల దగ్గర చేస్తాయి. మొదట చిన్న సంఖ్య చెబుతాయి, తర్వాత అది పెరుగుతూ పోతుంది. వేలాది సంస్థల ఉద్యోగులు లాగిన్ అవడానికి వాడే సర్వీసు నడిపే ఒక్టా అనే కంపెనీలో 2023లో చోరీ జరిగింది. ఏదో తేడాగా ఉందని ఒక కస్టమర్ సంస్థ అక్టోబరు 2నే వాళ్లకి చెప్పింది. ఒక్టా దాన్ని బయటపెట్టింది అక్టోబరు 20న. నవంబరు మొదట్లో 134 సంస్థలకే నష్టమని, అంటే కస్టమర్లలో ఒక్క శాతం కూడా లేరని చెప్పింది. ఆ నెలాఖరుకి మాట మారింది. తమ సపోర్ట్ సిస్టమ్ వాడిన వాళ్లందరి పేర్లు, ఈమెయిళ్లు ఉన్న జాబితాను కూడా హ్యాకర్లు ఎత్తుకెళ్లారని ఒప్పుకుంది. మా లెక్క ఇంకా పూర్తికాలేదు, పెరగొచ్చు అని మొదటిరోజే చెప్పి ఉంటే మిగతావాళ్లు ఆ నెల రోజులూ జాగ్రత్తగా ఉండేవాళ్లు.

అదే చోరీలో పోయిన వివరాలతో హ్యాకర్లు వెబ్‌సైట్లకి భద్రత కల్పించే సంస్థ క్లౌడ్‌ఫ్లేర్‌లోకీ దూరారు. 2023 నవంబరు 23న దాన్ని గుర్తించిన ఆ సంస్థ, 2024 ఫిబ్రవరి 1న జరిగిందంతా తేదీల వారీగా ప్రకటించింది. ఒక్టా ఘటన తర్వాత మార్చాల్సిన, సిస్టమ్‌లోకి వెళ్లడానికి తాళంచెవిలా పనిచేసే ఒక టోకెన్‌నీ, మూడు ఖాతాల రహస్య వివరాలనీ మార్చకుండా వదిలేసిన తప్పు తమదేనని రాసింది. ఆ తర్వాత ఐదు వేలకు పైగా రహస్య వివరాలను మార్చామని చెప్పింది. రెండు నెలలు ఎక్కువే అనిపించినా, కస్టమర్ల డేటా పోని ఘటనలో కూడా అంత వివరంగా చెప్పుకున్నందుకు నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది. హైదరాబాద్‌లో సైబర్ భద్రత రంగంలో ఉన్న మిత్రులు అలాంటి ప్రకటనల్ని తమ టీమ్‌లకి పాఠంలా చదివి వినిపిస్తారు.

మన దగ్గర పద్ధతి వేరు. 2024 సెప్టెంబరులో ఆరోగ్య బీమా సంస్థ స్టార్ హెల్త్ పాలసీదారుల వైద్య రిపోర్టులు, క్లెయిమ్ పత్రాలు టెలిగ్రామ్ చాట్‌బాట్‌లలో అడిగినవాళ్లకి అడిగినట్టు వస్తున్నాయని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. 3.1 కోట్ల మంది డేటా తన దగ్గరుందని హ్యాకర్ చెప్పుకున్నాడు. పెద్ద ఎత్తున ఏమీ పోలేదని, సున్నితమైన సమాచారం భద్రంగానే ఉందని కంపెనీ మొదట అంది. టెలిగ్రామ్ మీదా, హ్యాకర్ మీదా కేసు వేసింది. అక్టోబరుకి సైబర్ దాడి జరిగిందని ఒప్పుకుంది. కేసు వేయడం సరే. తన ఆపరేషన్ కాగితాలు ఊరి మీద పడ్డాయన్న సంగతి పాలసీదారుకి వార్త చదివితే తప్ప తెలియకపోవడం ఏం న్యాయం?

తొందరపడి చెబితే దర్యాప్తు దెబ్బతింటుందని, పూర్తిగా తెలియకుండా చెబితే జనానికి టెన్షన్ పెరుగుతుందని కంపెనీలు అంటాయి. మొదటి మాటలో కొంత నిజముంది. హ్యాకర్ ఇంకా లోపలే ఉంటే ఒకటి రెండు రోజులు గుట్టుగా ఉండాల్సి రావచ్చు. రెండోదాన్ని నేను ఒప్పుకోను. ఆ టెన్షన్ పడే హక్కు మనదే, ఎందుకంటే పోయింది మన వివరాలు.

చట్టం సంగతికొస్తే, హ్యాకింగ్ జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆ చెప్పడం ప్రభుత్వానికే, మనకి కాదు. 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం మొదటిసారి నష్టపోయిన ప్రతి ఒక్కరికీ చెప్పాలంది, చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా పెట్టింది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి: ఏం జరిగింది, దానివల్ల మీకేం కావచ్చు, మీరేం చేయాలి అన్నవి తేలిక మాటల్లో, ఆలస్యం లేకుండా చెప్పాలి. కంపెనీలకి 18 నెలల గడువిచ్చారు కాబట్టి ఇది అమల్లోకి వచ్చేది 2027 మేలో.

మంచిదే. కానీ రెండు చోట్ల నాకు మనసొప్పడం లేదు. జరిమానా మొత్తం ప్రభుత్వ ఖజానాకి పోతుంది. డేటా పోగొట్టుకున్నవాళ్లు నష్టపరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ని ఈ చట్టం తీసేస్తోంది. రెండోది భాష. మన డేటా తీసుకోవడానికి అనుమతి అడిగేటప్పుడు తెలుగుతో సహా 22 భాషల్లో ఏది కోరితే అందులో చూపించాలని చట్టం చెబుతోంది. ఆ డేటా పోయిందని చెప్పే కబురుకి ఆ షరతు పెట్టలేదు.

ఆ కబురు ఎలా ఉండాలో నేనే ఒకటి రాసి చూశాను. "మీ పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్, మా దగ్గర కొన్న వస్తువుల వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. మా పేరుతో ఎవరైనా ఫోన్ చేసి మీ అడ్రస్, బిల్లు సరిగ్గా చెప్పినా నమ్మకండి. డబ్బు వాపసు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి."

పెద్దమ్మకి చదివి వినిపించాను. "ఇది ఎప్పుడు పంపాల్సిందిరా?" అంది. ఆ ఈమెయిల్ తేదీ చూసి లెక్కపెట్టి చెప్పాను, వాడు ఫోన్ చేయడానికి 31 రోజుల ముందు.