మెక్‌హేల్ ఎత్తని ఎనిమిది కప్పులు

ఏటా సెప్టెంబరులో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఫైనల్స్ దగ్గర పడగానే ఒక పోస్టు మళ్లీ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: "మెల్‌బోర్న్‌లో పుట్టిన జాక్ మెక్‌హేల్ కాలింగ్‌వుడ్ క్లబ్‌కు ఆడాడు. ఆట మానేశాక అదే క్లబ్‌కు 38 ఏళ్లు కోచ్‌గా ఉన్నాడు. 714 ఆటల ఆయన రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఎనిమిది ఫైనల్స్‌లో గీత పక్కన నిలబడి, ఆట మధ్యలో వ్యూహం మార్చి, ఎనిమిది కప్పులు ఎత్తాడు. 1953 ఫైనల్ చూస్తూ స్టేడియంలోనే కన్నుమూశాడు."

ఇందులో అంకెలు చాలావరకు సరైనవే. ఇవాళ టీవీలో కనిపించే కోచ్‌ను తీసుకెళ్లి వందేళ్ల కిందటి మైదానంలో నిలబెట్టడంతోనే వచ్చింది చిక్కంతా.

"మెల్‌బోర్న్‌లో పుట్టిన". కాదు, 1882లో సిడ్నీలో పుట్టాడు. మెల్‌బోర్న్‌లో పెరిగాడు. చిన్న తప్పే, వదిలేద్దాం.

"ఆట మానేశాక కోచ్". ఇది చిన్న తప్పు కాదు. మెక్‌హేల్ 1903 నుంచి 1918 వరకు, మళ్లీ 1920లో కాలింగ్‌వుడ్‌కు ఆడాడు. మొత్తం 261 ఆటలు. కోచ్ బాధ్యత 1912లోనే వచ్చింది. అంటే 1918 వరకే చూసినా వరుసగా ఏడు సీజన్ల పాటు మైదానంలో ఆడుతూనే జట్టును నడిపించాడు. 1912, 1913లో కెప్టెన్ కూడా ఆయనే. 1917లో గెలిచిన జట్టులో ఆటగాడూ ఆయనే, కోచూ ఆయనే. ఆయనకు కోచింగ్ పూర్తికాల ఉద్యోగం కూడా కాదు. మెక్‌హేల్ బతుకుతెరువు కార్ల్‌టన్ బ్రూవరీలో (బీరు తయారీ కర్మాగారంలో) పని. ఈ పోస్టు రాసేవాళ్లు ఆటగాడిగా ఆయన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, 1906 నుంచి 1917 దాకా ఒక్కటీ తప్పకుండా వరుసగా 191 ఆటలు ఆడిన మనిషి ఆయన.

"714 చెక్కుచెదరలేదు". చెదిరింది. 2015 మే 1న మిక్ మాల్ట్‌హౌస్ 715వ ఆటకు కోచ్‌గా దిగాడు. అప్పుడాయన కార్ల్‌టన్ కోచ్, ఎదురుగా ఉన్నది కాలింగ్‌వుడ్డే! 718 దగ్గర ఆయన లెక్క ఆగింది. అయితే మాల్ట్‌హౌస్‌కు ఆ అంకె చేరడానికి నాలుగు క్లబ్బులు పట్టాయి. ఒకే క్లబ్‌కు 714 అన్న రికార్డు మాత్రం ఇప్పటికీ మెక్‌హేల్‌దే. ఆ 714లో 467 గెలుపులు, 237 ఓటములు, 10 సమానం.

ఇక అసలు విషయం, "గీత పక్కన నిలబడి వ్యూహం మార్చి". దేనితో మారుస్తాడు? 1930 దాకా జట్టుకు 18 మందే. ఒకడి కాలు విరిగితే మిగతా 17 మందితో ఆడాల్సిందే. పంతొమ్మిదో ఆటగాణ్ని అనుమతించింది 1930లో, ఇరవయ్యో వాణ్ని 1946లో. అదీ ఒకసారి బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి పోకూడదన్న షరతుతోనే. ఆటగాళ్లను తిప్పి తిప్పి దించే ఇంటర్‌చేంజ్ 1978లో గానీ రాలేదు. కోచ్ మాటను మైదానంలోకి మోసుకెళ్లే రన్నర్ 1955లో వచ్చాడు, అప్పటికి మెక్‌హేల్ పోయి రెండేళ్లు. జట్టు ఎంపిక కూడా కోచ్ ఒక్కడి చేతిలో లేదు, సెలక్షన్ కమిటీలో తేలేది. కాబట్టి ఆయన పని ప్రధానంగా వారం మధ్యలో ప్రాక్టీసులోనూ, విరామంలో డ్రెసింగ్ రూమ్‌లోనూ జరిగిపోయేది.

"ఎనిమిది కప్పులు ఎత్తాడు". ఒక్కటీ ఎత్తలేదు. ఆ పోటీలో కప్పు ఇవ్వడం మొదలైంది 1959లో. అంతకుముందు విజేతకు దక్కేది పతాకమే. ఆ పతాకాలు మాత్రం ఎనిమిదీ నిజమే: 1917, 1919, 1927, 1928, 1929, 1930, 1935, 1936.

"ఎనిమిది ఫైనల్స్‌లో నిలబడి" అన్నది మళ్లీ తప్పు. 1930 గ్రాండ్ ఫైనల్ (విజేతను తేల్చే ఆఖరి ఆట) నాడు మెక్‌హేల్ ఫ్లూతో ఇంట్లో మంచం మీద ఉన్నాడు. విరామానికి ప్రత్యర్థి జీలాంగ్ ముందంజలో ఉంది. ఆ సమయంలో ఆటగాళ్లతో మాట్లాడింది మాజీ ఆటగాడు, క్లబ్ కోశాధికారి బాబ్ రష్. చివరికి కాలింగ్‌వుడ్ 14.16 (100), జీలాంగ్ 9.16 (70). ఈ చుక్కను దశాంశంగా చదవొద్దు: గోల్‌కు ఆరు పాయింట్లు, గోల్ స్తంభానికీ దాని పక్క స్తంభానికీ మధ్య పోతే ఒకటి. 14 ఆర్లు 84, పైన 16, మొత్తం వంద. ఆ ఒక్క రోజును తీసేసి ఏడే అనుకున్నా మెక్‌హేల్ పైనే ఉంటాడు; తర్వాతి స్థానంలోని నార్మ్ స్మిత్‌వి ఆరు. సీజనంతా ఆ జట్టును తీర్చింది ఆయనే కనుక ఎనిమిది అనడమే న్యాయం. కానీ లేని మనిషిని గీత పక్కన నిలబెట్టడం దేనికి?

1927 నుంచి 1930 దాకా వరుసగా వచ్చిన నాలుగు పతాకాల గురించీ ఒక మాట. 1929లో కాలింగ్‌వుడ్ లీగ్ దశలో 18కి 18 గెలిచింది. ఆ వెంటనే సెమీఫైనల్లో రిచ్‌మండ్ చేతిలో 62 పాయింట్ల తేడాతో చిత్తయింది. అయినా ఇంటికి పోలేదు. లీగ్ పట్టికలో అగ్రస్థానం ఉన్న జట్టు ఓడినా చివర్లో సవాలు చేసే హక్కు అప్పటి నిబంధనల్లో ఉండేది. దాన్ని వాడుకుని గ్రాండ్ ఫైనల్లో అదే రిచ్‌మండ్‌ను 29 పాయింట్లతో ఓడించింది. 1930లోనూ జీలాంగ్‌తో ఒకసారి ఓడి, అదే హక్కుతో మళ్లీ తలపడింది. ఆ ఏడాదితోనే ఆ పద్ధతికి తెరపడింది. ఇది మోసం కాదు, ఏడాది పొడవునా పైన నిలిచినందుకు దక్కిన ఫలం. పోస్టులో రానిది ఇంకోటి: ఆ నాలుగు పతాకాలకు ముందు 1925, 1926 గ్రాండ్ ఫైనల్స్‌లో ఓటమి, 1937, 1938, 1939లో వరుసగా మూడు ఓటములు. 1936 తర్వాత 13 సీజన్లు ఒక్క పతాకమూ లేదు.

"స్టేడియంలోనే కన్నుమూశాడు". 1953 సెప్టెంబరు 26న కాలింగ్‌వుడ్ 12 పాయింట్ల తేడాతో జీలాంగ్‌ను ఓడించింది. మెక్‌హేల్‌కు గుండెపోటు వచ్చింది ఆట ముగిశాక. అక్టోబరు 4న చనిపోయాడు. 1936 తర్వాత క్లబ్‌కు వచ్చిన తొలి పతాకాన్ని చూసి, ఎనిమిది రోజులు బతికాడు; దాన్ని గెలిపించిన కోచ్ ఫాన్స్ కైన్.