నాలుగు కేబీల్లో 255 తెరల అడవి

పాత వీడియో గేమ్‌ల ప్రస్తావన వస్తే చాలు, ‘మెమరీ లేని రోజులు, ఏదోలా సర్దుకున్నారు’ అనేసి దాటిపోతారు. ఆ మాట ఒప్పుకోలేను. ఏ బైటు ఎక్కడికి పోతోందో తెలిసినవాళ్లు చేసిన ఇంజనీరింగ్ అది.

టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ యంత్రం అటారీ 2600 సంగతి చాలామందికి తెలుసు. 128 బైట్ల ర్యామ్, గేమ్ మొత్తం ఉండే 4 కేబీ కార్ట్రిడ్జ్. తెర మొత్తాన్ని దాచుకునే మెమరీ అసలే లేదు. టీవీ ఒక్కో గీత గీస్తుండగా అందులో ఏముండాలో ప్రాసెసర్ అప్పటికప్పుడు చెప్పాలి. గీతకు దక్కేది 76 సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారంలో 76 టిక్కులు. కోడ్ అది మించితే పని తర్వాతి గీతలోకి పాకుతుంది. ఫ్రేమ్‌కు 262 ఉండాల్సిన గీతల సంఖ్య మారిపోతుంది, టీవీలో బొమ్మ దొర్లుతుంది.

అలాంటి యంత్రం మీద 1982లో గేమ్ ప్రోగ్రామర్ డేవిడ్ క్రేన్ ‘పిట్‌ఫాల్’ గేమ్‌లో 255 తెరల అడవిని నిలబెట్టారు. తెరకు ఒక్క బైటు చొప్పున పట్టిక పెట్టినా కార్ట్రిడ్జ్‌లో పదహారో వంతు పోతుంది. ఆయన పట్టికే పెట్టలేదు. మొదటి తెర సంఖ్య 196, బైనరీలో, అంటే 0, 1 అనే ఎనిమిది బిట్లలో, 11000100. కుడి చివరి బిట్‌ను సున్నాగా లెక్కపెట్టి 3, 4, 5, 7 బిట్లను ఎక్స్-ఆర్ చేయాలి: వాటిలో 1లు బేసి సంఖ్యలో ఉంటే 1, లేకపోతే 0. అన్నిటినీ ఒక గడి ఎడమకు జరిపి, వచ్చిన బిట్‌ను కుడి చివర పెట్టాలి. 10001001 వస్తుంది, అంటే 137. అదే కుడివైపు తెర! కింది మూడు బిట్లు ఎదురయ్యే ఆపదనూ, నడిమి మూడు గుంటల తీరునూ, పై రెండు చెట్ల వరుసనూ చెబుతాయి. ఎడమకు వెళ్తే 0, 4, 5, 6 బిట్లతో లెక్క తిరగబడి మళ్లీ 196 వస్తుంది. సున్నా చొరబడితే ఎన్నిసార్లు జరిపినా సున్నాయే, అందుకే తెరలు 256 కాదు, 255. ఎక్స్-ఆర్‌కు తగని బిట్లు ఎంచుకుంటే చుట్టు ముందే తిరిగిపోయి అవే తెరలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఈ లెక్కకు పట్టిన కోడ్ 50 బైట్ల లోపే. తెలుగు అక్షరాలకు, ఇప్పుడు కంప్యూటర్లు అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు కాబట్టి, ‘డేవిడ్ క్రేన్’ అని రాయడానికే 37 బైట్లు కావాలి.

నింటెండో గేమ్ యంత్రం ఫామికామ్‌దీ ఇదే దారి. 1985 నాటి సూపర్ మారియో మొత్తం 40 కేబీ. మబ్బుకూ పొదకూ బొమ్మ ఒకటే, మారేది రంగుల పట్టిక. ఒకే గీత మీద ఎనిమిది స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మలకు) మించి ఆ యంత్రం గీయదు, తొమ్మిదోది మాయమవుతుంది. మాయమైంది శత్రువైతే ఆటగాడికి అన్యాయం. అందుకే చాలా గేమ్‌లలో స్ప్రైట్ల వరుసను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మార్చేవారు. వంతులవారీగా ఒక్కోటీ మిణుకుమంటుంది, ఏదీ పూర్తిగా దాక్కోదు. మిణుకును లోపం అనేవాళ్లు ఈ న్యాయాన్ని చూడలేదు.

మెమరీ చవకైంది, ప్రోగ్రామర్ సమయమే ఖరీదు అంటారు. కంపెనీ లెక్క అది. కంపెనీ మిగుల్చుకున్న సమయానికి డబ్బు కట్టేది ఫోన్ కొన్నవాళ్లు. 2 జీబీ ఫోన్ పట్టుకున్న మనిషికి అప్‌డేట్ తర్వాత యాప్ తెరుచుకోకపోతే కొత్త ఫోన్ కొనుక్కోవాల్సిందే.

ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పంపే తెలుగు రాష్ట్రాలు దీన్ని పట్టించుకోవాలి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో రెండు సంఖ్యలు కూడించి రికార్డు రాయించుకుంటే పిల్లలకు యంత్రం పరిచయం కాదు. అటారీ 2600ను కంప్యూటర్‌లో అనుకరించే స్టెల్లా ఎమ్యులేటర్, రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే డాసమ్ అసెంబ్లర్ రెండూ ఉచితం, పాత కంప్యూటర్ మీదా నడుస్తాయి. 128 బైట్ల ర్యామ్‌లో కదిలే ఒక్క బొమ్మ చేయమనండి. వైవాలో ఆ గీతకు ఎన్ని సైకిళ్లు పట్టాయో అడగండి, మార్కులు దానికే వేయండి.