ఇంట్లో తెలుస్తుందన్న భయమే బెదిరించేవాడి బలం

కోనసీమలోనూ, వశిష్ఠ గోదావరికి ఆవల నరసాపురం, మొగల్తూరు ప్రాంతాల్లోనూ తల్లో తండ్రో, కొన్ని ఇళ్లలో ఇద్దరూ గల్ఫ్ దేశాల్లో పని చేస్తుంటే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరగడం కొత్త సంగతేమీ కాదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటి పనికి కుదిరిన తల్లి, రాత్రి పని ముగిశాక పిల్లల ముఖం చూసుకునేది వీడియో కాల్‌లోనే. పదో తరగతి చదివే కూతురికి స్మార్ట్‌ఫోన్ కొనిపెట్టింది కూడా చాలాసార్లు ఆ తల్లే. అందుచేత పిల్లలకు ఫోన్ ఇవ్వకండి, ఏం చూస్తున్నారో రోజూ తనిఖీ చేయండి అంటూ పట్నాల్లో తయారయ్యే సలహాలు ఇక్కడి ఇళ్లకు పెద్దగా పనికిరావు. ఫోన్ లాక్కుంటే ఆ పిల్లకు తల్లితో ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. తనిఖీ చేయవలసిన అమ్మమ్మకేమో వాట్సాప్ తెరవడం నేర్పింది ఆ మనవరాలే.

ఇంతకీ ఆ సలహాలు పనికివచ్చే ఇళ్లలో మాత్రం అవి పిల్లల్ని కాపాడుతున్నాయా అన్నది నా ప్రశ్న. పిల్లలపై జరిగే ఆన్‌లైన్ నేరాల్లో ఒక తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఏదైనా ఆటలోనో పరిచయమైనవాడు నెమ్మదిగా మాట కలుపుతాడు, నమ్మకం కుదిరాక ఒక ఫోటో అడుగుతాడు, లేదా మామూలు ఫోటోనే తీసుకుని కృత్రిమ మేధతో నగ్నచిత్రంగా మార్చేస్తాడు. ఆ తర్వాత డబ్బో, మరిన్ని ఫోటోలో పంపమంటాడు. అప్పుడు వాడు వాడే ఆయుధం నిజానికి ఆ ఫోటో కూడా కాదు, 'మీ ఇంట్లో వాళ్లకు పంపిస్తాను' అనే ఒక్క మాట. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆ పిల్లకు ముందే తెలుసు: ఫోన్ పోతుంది, కాలేజీ మానిపిస్తారు, మేనమామలకు కబురు వెళుతుంది, ఏడాది తిరక్కుండానే సంబంధాలు చూడడం మొదలవుతుంది. మగపిల్లవాడైతే దెబ్బలూ, అంతకు మించి అవమానమూ. ఆ భయాన్ని ఆమెలో నాటింది నేరగాడు కాదు, మనమే. వాడు దాన్ని వాడుకుంటున్నాడంతే. పిల్లల భద్రతకు మనం ఏ చర్య తీసుకున్నా దాన్ని కొలవవలసిన గీటురాయి ఒకటే అని నేను అనుకుంటాను: ఆపద వచ్చిన రోజున ఆ పిల్ల ఇంట్లో వచ్చి చెప్పే అవకాశాన్ని అది పెంచుతుందా, తగ్గిస్తుందా?

ఈ గీటురాయి మీద పెడితే, పిల్లలకు తెలియకుండా ఫోన్‌లో వేసే నిఘా యాప్‌లు నిలబడవు. సందేశాలు, ఫోటోలు, ఉన్న చోటు అన్నీ తండ్రి ఫోన్‌కు చేరవేస్తామని చెప్పుకునే ఈ యాప్‌లలో కొన్ని, పిల్లల అంతరంగిక సమాచారాన్నంతా ముక్కూమొహం తెలియని ఏదో కంపెనీ సర్వర్లలో పోగు చేస్తాయి. అది చాలక, నిఘా ఉందని ఏదో ఒక రోజు పిల్లలకు తెలిసిపోతుంది. తెలిశాక వాళ్లు ఫోన్ వాడకం మానరు. స్నేహితుడి ఫోన్‌లోకో, రెండో ఖాతాలోకో మారతారు. తండ్రి చేతిలో మిగిలేది అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పే ఒక ఖాళీ తెర. అసలు ప్రమాదం ఆ తెరకు బయట నడుస్తుంటుంది.

పిల్లలకు రహస్యాలేమిటి, గోప్యత ఏమిటి అని మన ఇళ్లలో అడగడం సహజమే. కానీ చట్టం ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చింది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం, పిల్లల ఏకాంతంలోనూ ఉత్తరప్రత్యుత్తరాల్లోనూ నిరంకుశంగా జోక్యం చేసుకోరాదని చెబుతోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పిల్లల ఆన్‌లైన్ కదలికల మీద నిఘా పెట్టడాన్నీ, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడాన్నీ కంపెనీలకు నిషేధించింది. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

మంచి చట్టమే, కానీ నాకు దానితో రెండు పేచీలున్నాయి. ఒకటి, 18 ఏళ్లలోపు అందరినీ అది ఒకే గాటన కట్టింది. కంపెనీలు డేటా వాడుకోవాలంటే ఆరేళ్ల పాపకూ, ఇంటర్ రెండో ఏడాది చదివే పదిహేడేళ్ల కుర్రాడికీ తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఒకే తీరున కావాలంటోంది. ఐరోపా దేశాల్లో ఈ హద్దు 13 నుంచి 16 ఏళ్ల మధ్య ఉంటుంది. రెండోది మన డెల్టాకు మరీ దగ్గరిది. ఆ సమ్మతి ఎవరిస్తారు? తల్లి మస్కట్‌లో, తండ్రి దోహాలో, సిమ్ కార్డు మేనమామ పేరు మీద, ఓటీపీ వచ్చేది అమ్మమ్మ ఫోన్‌కు, దాన్ని చదివేది పిల్లవాడు. సమ్మతి కాగితం మీద పక్కాగానే ఉంటుంది, కానీ అందులో పెద్దవాళ్ల ప్రమేయం ఉండదు. పదహారేళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకుండా చూడాలని ఆస్ట్రేలియా కంపెనీలపై బాధ్యత పెట్టింది, 2025 డిసెంబరు 10 నుంచి అది అమలవుతోంది. మన దగ్గరా అలాంటిది కావాలన్నవారు ముందు ఈ ఓటీపీ సంగతి తేల్చాలి.

అలాగని పిల్లల్ని వారి మానాన వదిలెయ్యమని నేను అనడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఫోన్ చూసేది వసారాలో, అందరి ముందూ అయితే తప్పేమీ లేదు. హైస్కూలు వయసు వచ్చాక నియమాలు ఉండాలి, కానీ అవి పైకి చెప్పినవై ఉండాలి. ఆన్‌లైన్ సేవలు పిల్లల వయసుకు తగ్గట్టు ఉండాలని చెప్పే బ్రిటన్‌లోని 2020 నాటి వయోచిత రూపకల్పన నియమావళిలో నాకు బాగా నచ్చిన నిబంధన ఇదే: తల్లిదండ్రులు పిల్లల కదలికలను గమనించే సదుపాయం ఏ సేవలోనైనా ఉంటే, గమనిస్తున్నారన్న సంగతి ఆ బిడ్డకు స్పష్టంగా కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతాల్లో పర్యవేక్షణకు ఒప్పుకున్న తల్లిదండ్రులకు, బిడ్డ ఎవరితో మాట్లాడుతోందో కనిపిస్తుంది, ఏం మాట్లాడుతోందో కనిపించదు. పదిహేను దాటిన పిల్లలకు ఆ గీత సరైనదేనని నా అభిప్రాయం. బిడ్డ తిండి మానేసినా, అర్ధరాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడినా, ఇంట్లో డబ్బు కనపడకుండా పోతున్నా ఆ గీత దాటవలసిందే. అప్పుడు కూడా 'నీ ఫోన్ చూస్తున్నాను, ఎందుకంటే నాకు భయంగా ఉంది' అని ఎదుటే చెప్పి చూడాలి.

గోప్యతను పిల్లలకు నేర్పే పెద్దలు తమ చేతుల్నీ ఒకసారి చూసుకోవాలి. మన ఊళ్లలో ఓణీల వేడుకకూ, పుష్పవతి వేడుకకూ ఆడపిల్ల ఫోటోతో సెంటర్లో ఫ్లెక్సీ కడతాం. గల్ఫ్‌లోని బంధువులు చూడాలని యూట్యూబ్‌లో ఎవరికైనా కనిపించేలా ప్రత్యక్ష ప్రసారం పెడతాం. ఆ పిల్ల పేరు, ముఖం, ఊరు, దాదాపు వయసు కూడా లోకానికి తెలిసిపోతాయి. ఇష్టమేనా అని ఆమెను ఎవరూ అడగరు. లింకు ఉన్నవారికే కనిపించేలా పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. శరీరం గురించిన సంగతిని ఊరందరి ముందు పెట్టిన పెద్దలే, రెండేళ్ల తర్వాత 'అపరిచితులకు ఫోటో ఎందుకు పంపావు' అని గద్దిస్తే ఆ పిల్ల ఏమని అర్థం చేసుకోవాలి?

చెప్పుకోగలిగిన ఇంట్లో కూడా పెద్దలకు తర్వాతి అడుగు తెలియాలి. డబ్బు పంపకూడదు, పంపితే బెదిరింపు పెరుగుతుంది. కంగారులో చాట్ చెరిపేయకూడదు. బిడ్డ అశ్లీల చిత్రాన్ని సాక్ష్యం పేరుతో బంధువులకు పంపడం నేరం, ఫోన్‌నే పోలీసులకు చూపాలి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లున్నాయి. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఫోటోను ఫోన్‌లోంచి బయటికి పంపకుండానే దాని డిజిటల్ ముద్రను మాత్రం తీసుకుని, ఇందులో చేరిన వేదికలు ఆ చిత్రాన్ని గుర్తించి తొలగించేందుకు తోడ్పడుతుంది. పరువు పోతుందని స్టేషన్‌కు వెళ్లని కుటుంబాలు 2012 నాటి పోక్సో చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవాలి: బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై లేదా ఆపై అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలి. బిడ్డ ఎవరో పత్రికల్లో బయటపెట్టకూడదు. గ్రామ సచివాలయాల్లోని మహిళా పోలీసులు ఈ రెండు మాటలను అమ్మమ్మల దగ్గర కూర్చుని చెబితే, స్కూళ్లలో పెట్టే ఎన్నో అవగాహన సదస్సులకంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

అదే చట్టం, పిల్లలపై లైంగిక నేరం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలని కూడా అంటోంది. కనుక బిడ్డ నోరు విప్పబోయే ముందు 'ఎవరికీ చెప్పనులే' అని ఏ టీచరూ, ఏ పిన్నీ మాట ఇవ్వకూడదు. నిలబెట్టుకోలేని మాట అది. 'నీకు తెలియకుండా ఏ అడుగూ వెయ్యను, ఎవరితో చెప్పవలసి వచ్చినా ముందు నీకు చెబుతాను' అనడం నిజం, ఆ బిడ్డకు అదే ఎక్కువ ధైర్యం.

గల్ఫ్‌కు బయలుదేరే తల్లి ఫీజులు ఎవరు కట్టాలో, బంగారం ఎవరి దగ్గర ఉండాలో, జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో అన్నీ అప్పగించి వెళుతుంది. ఆ అప్పగింతల్లో ఇంకొకటి చేరాలి. తల్లితో చెప్పుకోలేని సంగతి వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో బిడ్డే ఎంచుకోవాలి. పిన్ని కావచ్చు, పెద్దమ్మ కూతురు కావచ్చు, టీచర్ కావచ్చు. ఆ మనిషితో తల్లి స్వయంగా మాట్లాడాలి. ఏం జరిగినా చదువు మానిపించబోమనీ, అమ్మతో మాట్లాడే ఫోన్ తీసేయబోమనీ బిడ్డ వినేలా అమ్మమ్మ చేతా, మేనమామ చేతా ప్రయాణానికి ముందే మాట తీసుకోవాలి.